ఉత్త జాగా

వసుధాబాయి సీపీయూను పాత దుప్పట్ల మూటగట్టి
పార్క్‌లేన్‌ల మా దుకాణం మెట్లెక్కింది.
సుల్తాన్ బజార్‌ల కండ్లద్దాల షాపు ఆమెది.
"పదకొండు వేల మంది కండ్లున్నయి ఇండ్ల,
జర పైలం" అన్నది.

డిస్క్ పండ్లు కొరుకుతున్నది.
ఉన్నదంత ఊడ్చి కాపీ చేసుకున్న.
కొత్త మిషన్ల పాత మిషన్ కట్టిన.
ఎమ్యులేటర్ అంటే ఏం లేదు,
ముసలి ప్రోగ్రాంకు
నువ్వింకా తొంభై రెండులనే ఉన్నవని
నవ్వకుండ చెప్పే మర్యాద.

మెమరీ అంటే జ్ఞాపకం అనుకుంటరు బయట.
మా తాన మెమరీ అంటే జాగా.
ఆరువందల నలభై గజాల ప్లాటు అనుకో,
గజాలు కావు, కేబీలు.
కింది పోర్షన్ల ప్రోగ్రాం ఉండాలె.
డ్రైవర్లు దానికంటె ముందే జొరబడి చాపలేసుకుంటయి,
మౌస్‌దొకటి, ప్రింటర్‌దొకటి, ఏందో తెల్వనిదొకటి.
బాలకిషన్ ఉస్తాద్ కాన్ఫిగ్ ఫైలు తెరిచి
ఒక్కొక్కదాన్ని బతిమిలాడి
పై పోర్షన్‌కు పంపేటోడు.
పదకొండు కేబీలు మిగిలిన రోజు
పక్క దుకాణపోళ్లను పిలిచి చూపెట్టిండు.

అది కూడ చాలకుంటే గోదాము ఉండేది.
జనరల్ బజార్‌ల చీరెలోళ్లను చూడు,
వెనుక వేలకొద్ది ఉన్నా
పరుపు మీద పరిచేటివి నాలుగే.
అవి మడిచి తీసుకపోతడు, ఇంకో నాలుగు తెస్తడు.
ప్రోగ్రాం ఆ నాలుగు మడతలల్లనే
దుకాణమంత చూసిన అనుకునేది.

నాకిప్పుడేం కరువు?
పదహారు జీబీల ఆసామిని.
మౌస్ వద్దు, ప్రింటర్ తర్వాత చూద్దాం,
కింది పోర్షన్ మొత్తం కడిగి తుడిచి
రా తల్లీ, అంతా నీదే అన్న.

నల్ల తెర మీద ఒక్కటే లైను.
చుట్టి పెట్టిన ఫైలు పాడైంది.

మళ్ల కాపీ. మళ్ల అదే లైను.
ఫోన్ చేసిన. మేడం, కండ్లు పోయినయి.
"మొన్న సాయంత్రం దాక నడిచింది కద బేటా."
అవతల ఎవరితోనో అక్షరాలు చదివిస్తున్నరు,
చిన్నయి, ఇంకా చిన్నయి.

షట్టర్ సగం దించి కూసున్నంక యాదికొచ్చింది
ఉస్తాద్ ఎప్పుడో అన్న మాట.
కొన్నిటికి కింద మొత్తం ఖాళీ ఉంటే
కాలు చెయ్యి ఆడదు.

పాత పెట్టెల మౌస్ డ్రైవర్ ఉండె.
ఆ షాపుల మౌస్ ఎన్నడూ లేదు.
అమ్మినోడు ఎవడో వేసిపోయిండు,
ముప్పై ఏండ్లు పనీపాటా లేకుండ
మొదటి వరుసల కూసున్నది.
దాని వీపుకు ఆనుకొనే
ప్రోగ్రాం రోజూ పొద్దున లేస్తున్నది.
నేను ఊడ్చింది దాన్నే.

అరవై నాలుగు కేబీల ఉత్త జాగా పట్టి పెట్టిన.
దాంట్ల పేరు లేదు, పని లేదు.
బస్సు కిటికీలకెల్లి దస్తీ ఏసి సీటు ఆపినట్టు.
వేగం కూడ తగ్గించిన,
లేకుంటే కాలం లెక్కగట్టబోయి
సున్నతోని భాగించి కూలబడ్తది.
నీలం తెర లేచింది.

తెల్లారి వసుధాబాయి వచ్చి
కీబోర్డ్ దిక్కు చూడకుండనే
నాలుగు నాలుగు ఒకటి ఏడు కొట్టింది.
ఎడమ మైనస్ ఒకటింబావు. కుడి మైనస్ రెండు.
"మొయిజుద్దీన్ డ్రాయింగ్ మాస్టర్. రేపొస్తడు.
పాత నంబరే కావాలెనంటడు,
కొత్తది పెట్టుకుంటే మెట్లు ఎత్తు పెరుగుతున్నయంట."

ప్రింట్ కొట్టింది.
ఆ గీరుడు ప్రింటర్‌కే పంపుతున్న అనుకుంటది ప్రోగ్రాం.
నడుమ నేనొక దొంగ డ్రైవర్‌ను కూసోబెట్టిన,
దాని మాట విని
దీని చెవుల ఇంకో భాషల చెప్తది.
లేజర్ చప్పుడు లేకుండ కాగితం చేతికిచ్చింది.

వసుధాబాయి కాగితం పట్టుకొని
బొటనవేలు అంచు వెంట పైకి, కిందికి
పోనిచ్చుకుంట నిలబడ్డది,
చింపెటందుకు
చిల్లుల పట్టీ ఎక్కడుందోనని.